ప్రకటనల్లో, రాజకీయాల్లో మనల్ని ఎలా ఒప్పిస్తున్నారో ఇంట్లోవాళ్లకి చూపించడం ఎలా?

సువర్ణముఖి, రాజాం

అందరికీ నమస్కారం. నేను రాజాంలో ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నాను. షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది డాక్టరు చీటీతో పాటు ఇంకో కాగితం కూడా తెస్తారు. పేపర్లో వచ్చిన ప్రకటన కత్తిరించి, మడతపెట్టి జేబులో పెట్టుకుని వస్తారు. కొందరు ఫోను తీసి టీవీ ప్రకటన ఫొటో చూపిస్తారు. "ఇది ఉందా అమ్మా? షుగరు మొత్తం పోతాదట" అని అడుగుతారు. లేదంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది.

మా అమ్మదీ ఇప్పుడు అదే దారి. ఫోనులో ఆర్డరు పెట్టి ఒక పొడి తెప్పించుకుంది. మాత్రలు మానేద్దామని చూస్తోంది. వద్దంటే "టీవీలో అంతమంది చెప్తున్నారు, వాళ్లందరూ అబద్ధాలాడతారేటి?" అంటుంది.

మా తమ్ముడి సంగతి ఇంకోలా ఉంది. ఇంజనీరింగ్ చదివాడు. వాట్సాప్‌లో ఒక పార్టీ గ్రూపులన్నిట్లో ఉన్నాడు. అవతలి పార్టీవాళ్ల పోస్టు వస్తే అందులో ఫొటో పాతదనీ, లెక్క తప్పనీ రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. తన పార్టీ పోస్టుని మాత్రం చదవకుండానే పది గ్రూపులకి పంపిస్తాడు. తెలివి లేక కాదు, ఆ తెలివి ఒక వైపుకే తిరుగుతోంది.

ఈ రెండూ వేర్వేరు విషయాలా, ఒకే విద్యా? మందు అమ్మేవాడూ ఓటు అడిగేవాడూ వాడే పద్ధతులకి గుర్తులు ఏమైనా ఉన్నాయా? గొడవ పడకుండా, వాళ్లని తక్కువ చేయకుండా ఇంట్లో ఎలా చూపించాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇక్కడ ఏ పార్టీ మంచిదన్న చర్చ వద్దని మనవి.

ఏడురోడ్ల ఫ్లెక్సీ, శ్రీకాకుళం

అమ్మా, ఏడు రోడ్ల జంక్షనుకి దగ్గర్లో మాది ఫ్లెక్సీ, డీటీపీ షాపు. బట్టల షాపు పాంప్లెట్ల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా అన్నీ చేస్తాం. రెండూ ఒకే విద్య. పొద్దున్న నగల షాపుకి చేసిన పనే సాయంత్రం నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకీ చేస్తాం. పార్టీ మారితే రంగు మారుతుంది, పద్ధతి మారదు.

పద్ధతుల పేర్లు నిదానంగా నేర్చుకోవచ్చు. ముందు ఒక్క అలవాటు చేసుకోండి. ఏ కాగితం చూసినా, ఏ వీడియో చూసినా "ఇది నన్ను ఏ ప్రశ్న అడగనివ్వకుండా చేస్తోంది?" అని ఆలోచించండి. మా షాపుకి వచ్చే పార్టీ (మేం కస్టమర్ని అలాగే అంటాం) ఏం పెద్దగా వెయ్యాలో చెప్పేటప్పుడే ఏం చిన్నగా వెయ్యాలో కూడా చెప్తాడు. ఆ చిన్నగా వేసినదాంట్లోనే అసలు సంగతి ఉంటుంది.

బట్టల షాపు సేల్ తీసుకోండి. "70% వరకు తగ్గింపు" అని ఉంటుంది. 70 అన్న అంకె కాగితంలో సగం ఆక్రమిస్తుంది. "వరకు" అన్నది దాని కాళ్ల దగ్గర ఉంటుంది. ఆ డెబ్బై శాతం ఓ మూల ర్యాకులో ఉన్న పాత స్టాకుకే కావచ్చు. ఆ అంకె పని ఒక్కటే, మిమ్మల్ని గుమ్మం దాటించడం. "నాకు కావలసిన చీర ఇక్కడ ఎంత, పక్క షాపులో ఎంత?" అన్న ప్రశ్న అక్కడితో వెనక్కి పోతుంది. "ఈ ఆదివారంతో ఆఖరు" అన్నది కూడా అంతే. పక్క షాపు చూసి రావడానికి మీకు టైము ఇవ్వకూడదు. ఆ ఫైలు మా కంప్యూటర్లో అలాగే ఉంటుంది. తేదీ ఒక్కటి మార్చి మళ్లీ ప్రింటుకి పంపడం ఈ లైనులో రోజూ జరిగేదే. ఆన్‌లైన్ అమ్మకాల్లో లేని తొందర పుట్టించడం తప్పని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. "ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని ఫోనులో గడియారం తిప్పడం కూడా ఆ కిందికే వస్తుంది.

వేసవిలో స్కూళ్లు, కోచింగ్ సెంటర్ల పని ఎక్కువ. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు గుంపుగా వేస్తాం. ఎంతమంది పరీక్ష రాశారన్న అంకె మాత్రం ఎవరూ ఇవ్వరు. యాభై ఫొటోలు ఉంటే గొప్పగా కనిపిస్తుంది. యాభై మంది రాస్తే వచ్చిన యాభయ్యా, ఐదు వేలమంది రాస్తే వచ్చిన యాభయ్యా అన్నదే కదా తల్లిదండ్రులకి కావలసింది! ఆ అబ్బాయి అక్కడ రెండేళ్లు చదివాడా, చివర్లో నాలుగు మోడల్ టెస్టులు రాసి వెళ్లాడా అన్నది కూడా ఉండదు. సివిల్స్ కోచింగ్‌లో ఇది మరీ ఎక్కువైంది. ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకి మాత్రమే వచ్చినవాళ్ల ఫొటోలు వేసుకుని మొత్తం కోర్సు గొప్పతనంగా చెప్పుకున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చాలా సెంటర్లకి జరిమానాలు వేసింది. 2024లో కోచింగ్ ప్రకటనలకి విడిగా నియమాలు వచ్చాయి. ఒక్క ఫొటోలో కూడా అబద్ధం ఉండదు చూడండి. ఉన్నవాటిలో తమకి పనికొచ్చేవే ఏరి పేర్చడంలో ఉంది కిటుకంతా.

ఇక రాజకీయం. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం వస్తుందంటే, అరసవల్లి రథసప్తమి వస్తుందంటే మా మెషిన్లకి రాత్రీ పగలూ పనే. శుభాకాంక్షల ఫ్లెక్సీలు. పైన అమ్మవారు, ఆ పక్కన కాలం చేసిన పెద్ద నాయకుడు, కింద ఇప్పటి నాయకుడు, ఇంకా కింద వరసగా కుర్రాళ్ల ఫొటోలు. ఎవరి తల ఎంత సైజుండాలన్నదాని మీద గొడవలు కూడా అవుతాయి. దీని బలం ఎక్కడుందంటే, ఇందులో పట్టుకోవడానికి అబద్ధమే ఉండదు. అసలు మాటే లేదు కదా. అమ్మవారి మీద మీకున్న భక్తి, పోయిన నాయకుడి మీద మీకున్న అభిమానం కళ్ల ముందే పక్క ఫొటోలోకి జారుతుంది. "ఈయన మా వార్డుకి ఏం చేశాడు?" అని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఎవరూ అడగరు, దండం పెట్టుకుని వెళ్తారు.

పాదయాత్రలు చూడండి. మన జిల్లా రాష్ట్రానికి ఆ చివర కాబట్టి ఇచ్ఛాపురం పేరు అందరికీ తెలిసింది. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి నడిచి అక్కడే ముగించారు. జగన్మోహనరెడ్డి 2017లో ఇడుపులపాయలో మొదలుపెట్టి 2019 జనవరిలో అక్కడే ముగించారు. చంద్రబాబునాయుడు 2012లో హిందూపురం నుంచి బయల్దేరి 2013లో విశాఖ దాకా నడిచారు. నడక నిజం, కాళ్లు బొబ్బలెక్కడం నిజం. దార్లో కష్టాలు విని కొన్ని హామీలు ఇచ్చారు, అదీ నిజమే. అయితే ముసలమ్మని దగ్గరికి తీసుకున్న ఫొటో చూసి "మనలో ఒకడు" అనుకోవడం వేరు, ఆ ముసలమ్మకి ఇచ్చిన మాట బడ్జెట్‌లోకి ఎక్కిందా అని చూడడం వేరు. మొదటిది మనసు దానంతటదే చేసేస్తుంది. రెండోది మనం పనిగట్టుకుని చెయ్యాలి.

జనం ఫొటోల గురించి ఒక మాట. డ్రోను ఎత్తు నుంచి తీస్తే ఒకలా, స్టేజి మీంచి తీస్తే ఒకలా ఉంటుంది. ఖాళీ కుర్చీలు ఉన్న వైపు కత్తిరించేస్తారు. "గాలి ఇటే వీస్తోంది" అనిపించడమే దాని పని. గెలిచేవాడి వైపు ఉందామనుకునే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

గ్రాఫులు కూడా మా దగ్గరకి వస్తుంటాయి. అప్పులు, ధరలు, ఉద్యోగాలు. రెండు కడ్డీలు గీయమంటారు. ఒకటి 52, ఒకటి 55 అనుకోండి. కింద సున్నా నుంచి మొదలుపెడితే రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. 50 దగ్గర మొదలుపెడితే రెండోది మొదటిదానికి రెండింతలు దాటి కనిపిస్తుంది. కాబట్టి గ్రాఫు వస్తే ముందు కింది గీత దగ్గర ఏ అంకె ఉందో చూడండి. తర్వాత ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టారో చూడండి. అధికారంలో ఉన్నవాళ్లూ, దిగినవాళ్లూ తమకి అనుకూలమైన ఏడాదే ఎంచుకుంటారు.

మీ తమ్ముడి విషయంలో మా షాపులో కుర్రాళ్లతో నేను చేయించేది చెప్తాను. పోస్టులో పార్టీ పేరు, నాయకుడి పేరు తీసేసి అవతలి వాళ్ల పేరు పెట్టమంటాను. మిగతా అక్షరం మార్చకూడదు. అప్పుడు చదివించండి. "దీనికి ఆధారం ఎక్కడ?" అన్న మాట అతని నోట్లోంచే వస్తుంది. మీరు వాదించక్కర్లేదు. ఇంకా మంచి పని, అవతలి పార్టీ తరఫున ఒక పోస్టు అతన్నే తయారుచెయ్యమనండి. చేత్తో చేసినవాడికి ఆ కిటుకులు ఎక్కడున్నా కనిపిస్తాయి.

ఎన్నికల టైములో రాత్రికి రాత్రి గుమ్మాల్లో పడే ఆకాశరామన్న కరపత్రాలకి వేరే పరీక్ష అక్కర్లేదు. కింద చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవాళ్ల పేరు, చిరునామా, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా ఉండి తీరాలి. వేయించేవాడు తానెవరో రాసి సంతకం పెట్టాలి, అతన్ని తెలిసిన ఇద్దరు సాక్షి సంతకాలు చెయ్యాలి, కాపీ మేం అధికారులకి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. ఆ లైను లేదంటే ఆ మాటకి బాధ్యుడు లేడు. బాధ్యుడు లేని మాటని చించి పారేయండి, ఇంకొకరికి ఇవ్వకండి.

ఉద్దానం కొబ్బరితోట, కవిటి

సువర్ణముఖి గారూ, మీ అమ్మగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా చిన్నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. మా వైపు ప్రతి వీధిలో అలాంటి ఇల్లు ఉంటుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువ ఎందుకో, కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కారణం తెలియని చోట భయం ఖాళీగా ఉండదు, దాన్ని నింపడానికి ఎవరో ఒకరు సరుకు పట్టుకుని వస్తారు.

నీళ్ల మిషను అమ్మేవాళ్లు చేసే ప్రయోగం మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, ఒకదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు. ఇనప కడ్డీలున్న ఒక పరికరం రెండింట్లో ముంచి కరెంటు పెడతారు. కాసేపటికి బోరు నీళ్లు బురద రంగుకి తిరుగుతాయి, పైన తెట్టు కడుతుంది. ఆర్వో నీళ్లు తెల్లగానే ఉంటాయి. "చూశారా, ఇన్నాళ్లూ మీరు తాగింది ఈ విషాన్నే" అంటారు. చంటిపిల్లని ఎత్తుకుని నిలబడిన తల్లి అది చూశాక ఇంకేం ఆలోచిస్తుంది?

అక్కడ జరిగేది ఇది. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది. కరెంటు పారితే ఆ ఇనప కడ్డీయే కరిగి తుప్పు అవుతుంది. కనిపించే బురదలో ఎక్కువ భాగం ఆ కడ్డీదే. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు అంతగా పారదు, కడ్డీ కరగదు. నమ్మకం లేకపోతే వాళ్ల ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. అదీ రంగు మారుతుంది. ఉప్పు విషం కాదు కదా. ఫ్లోరైడు ఉందో, సూక్ష్మక్రిములు ఉన్నాయో ఆ పరికరం చెప్పలేదు. అది ల్యాబులో నీళ్ల పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఆర్వో వద్దని నేను అనడం లేదు. పరీక్ష చేయించి, అవసరమైతే కొనుక్కోండి. కళ్లతో చూశాం కాబట్టి నిజం అనుకోవద్దు, అంతే. మాటల కంటే చూపించిందాన్ని మనం త్వరగా నమ్ముతాం, అమ్మేవాడికి అది బాగా తెలుసు.

పొడుల విషయానికి వస్తే మందుల ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. షుగరు, బీపీ, క్యాన్సరు, కిడ్నీలో రాళ్లు లాంటి జబ్బుల జాబితా ఉంది అందులో. వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం, మందు పని చేసినా చెయ్యకపోయినా. అంటే మీ అమ్మగారు చూసిన ప్రకటన షుగరు పోతుందని చెప్పిందంటే అక్కడే చట్టం దాటింది. ఇది ఆవిడకి చెప్పి చూడండి. "నువ్వు మోసపోయావు" అనడం కంటే "వాళ్లు ఇలా చెప్పకూడదట అమ్మా, చట్టం ఉందట" అనడం మనసుకి తేలిగ్గా ఎక్కుతుంది.

ఆ ప్రకటనల్లో ఏడుస్తూ, నవ్వుతూ మాట్లాడేవాళ్ల విషయం. "నాకు తగ్గింది" అని పదిమంది వస్తారు. తగ్గనివాళ్లని పిలిచి మైకు ఇవ్వరు. తగ్గిందన్నవాళ్లు పక్కన డాక్టరు మాత్రలు వేసుకుంటున్నారేమో మనకి తెలియదు. "పదిహేను రోజుల్లో హెచ్‌బీఏ1సీ మామూలుకి వచ్చింది" అని రిపోర్టు చూపిస్తే ఆ ఒక్క మాటతోనే అనుమానించొచ్చు. ఆ పరీక్ష చెప్పేది రక్తంలో షుగరు రెండు మూడు నెలల సగటు, పదిహేను రోజుల్లో అంత మారదు. ఇంకొకటి, మూలికలు కాబట్టి హాని లేదన్నది నిజం కాదు. అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న కొన్ని మూలికలు కిడ్నీలని పాడు చేస్తాయని రుజువైంది. మీ అమ్మగారు మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. ఆ పొడి డబ్బా డాక్టరుకి చూపించండి.

రాజకీయంలోనూ మా భయం మీద చాలా నడిచింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, వంశధార నీళ్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మేమే చేశామని ఒకరు, మేం మొదలుపెట్టిందేనని ఒకరు. మాకు కావలసిన ప్రశ్నలు అవి కావు. ఈ నెల ఎంతమంది కిడ్నీ డాక్టర్లు డ్యూటీలో ఉన్నారు, మా కొళాయికి వారానికి ఎన్ని రోజులు నీళ్లొస్తున్నాయి, డయాలసిస్‌కి ఎంతసేపు ఆగాలి. ఏ పార్టీవాళ్లు మైకు పట్టుకుని వచ్చినా మా ఊళ్లో ఆడవాళ్లు ఇప్పుడు ఇవే అడుగుతున్నారు. దానికి నాకు చాలా సంతోషంగా ఉంది.

సువర్ణముఖి, రాజాం

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ కడ్డీల ప్రయోగం మా వీధిలో కూడా చేశారు! పేర్లు మార్చి చదివించడం తమ్ముడితో ఈ వారమే చేస్తాను. ఒక సందేహం. అన్నీ ఇలా అనుమానిస్తూ పోతే చివరికి ఎవర్నీ నమ్మని మనుషులం అయిపోమా?

గంటస్తంభం, విజయనగరం

ఈ సందేహానికి నేను జవాబు చెప్తాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఈ అంశం నాకు ఇష్టమైనది కూడా.

మీరు అడుగుతున్న ప్రశ్నని 1937లోనే న్యూయార్కులో కొందరు అడిగారు. అప్పటికి జర్మనీలో హిట్లర్ ప్రచారం జోరు మీద ఉంది. అమెరికాలోనూ రేడియో ప్రసంగాలు జనాన్ని ఊపేస్తున్నాయి. ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ పెట్టి, స్కూళ్లలో పిల్లలకి నేర్పడానికి ఏడు పద్ధతులు గుర్తించారు. ఎదుటివాడికి చెడ్డ ముద్ర వేయడం. ఎవరూ కాదనలేని మెరుపు మాటలు వాడడం. గౌరవం ఉన్నదాన్ని తెచ్చి తమకి అంటించుకోవడం. పేరున్నవాళ్లతో చెప్పించడం. మనలో ఒకడిలా కనిపించడం. అనుకూలమైనవే ఏరి పేర్చడం. అందరూ ఇటే ఉన్నారనిపించడం. ఫ్లెక్సీ అన్నగారు చెప్పినవి ఈ ఏడింటిలో దాదాపు అన్నీ వచ్చేశాయి. ఆ సంస్థ 1942లో మూతపడింది. పిల్లలు దేన్నీ నమ్మనివాళ్లుగా తయారవుతారేమోనన్న విమర్శ, మీ సందేహమే, అప్పుడూ వచ్చింది.

నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను. "అందరూ దొంగలే, ఏదీ నమ్మలేం" అన్న మాట తెలివి కాదు. అది కూడా ప్రచారానికి పనికొచ్చే సరుకే. ఎవర్నీ నమ్మనివాడు నిజం చెప్పిన అధికారినీ, అబద్ధం చెప్పిన నాయకుణ్ణీ ఒకే గాట కడతాడు. దాంతో లాభపడేది అబద్ధం చెప్పినవాడే. కాబట్టి అనుమానించడంతో ఆగకండి. తేల్చుకునే వీలున్న మాట ఏది, వీల్లేనిది ఏది అని వేరు చెయ్యండి. 1982లో తెలుగుదేశం పార్టీ పుట్టినప్పుడు "తెలుగువారి ఆత్మగౌరవం" అన్నారు, "రెండు రూపాయలకే కిలో బియ్యం" అన్నారు. మొదటిది గుండెని తాకింది, కానీ దాన్ని కొలిచే కాటా లేదు. రెండోది రేషను షాపుకి వెళ్తే తేలిపోతుంది. 1971లో ఇందిరాగాంధీ "గరీబీ హటావో" అన్నా, 2004లో వాజ్‌పేయి ప్రభుత్వం "ఇండియా షైనింగ్" అన్నా మొదటి రకమే. 2004లో అంత ఖర్చుపెట్టి ప్రకటనలు ఇచ్చినా ఆ ప్రభుత్వం ఓడిపోయింది. ప్రచారం బలమైనదే, కానీ జనం తమ బతుకుని తాము చూసుకోగలరు.

ఇంజనీరింగ్ చదివిన తమ్ముడు ఎందుకు పడతాడన్నదానికి 1977 నాటి ఒక ప్రయోగం పనికొస్తుంది. అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి కొన్ని వాక్యాలు వినిపించి, ఎంతవరకు నిజమనిపిస్తోందో మార్కులు వెయ్యమన్నారు. రెండు వారాల ఎడంతో మూడుసార్లు అలా చేశారు. మళ్లీ మళ్లీ విన్న వాక్యాలకి, అవి నిజమైనా అబద్ధమైనా, నమ్మకం పెరుగుతూ పోయింది. చదువు దీనికి పూర్తి అడ్డు కాదు. రోజూ పది గ్రూపుల్లో అదే పోస్టు చూస్తే అది తెలిసిన సంగతిలా అనిపించడం మొదలవుతుంది.

ఇంట్లో మీరు ఒక్కరే మాట్లాడితే ఏం లాభమనుకోకండి. 1950ల్లో సాలమన్ యాష్ అనే ఆయన గీతల పొడవు చెప్పమని ఒక పరీక్ష పెట్టాడు. గదిలో మిగతావాళ్లందరూ కావాలనే తప్పు చెప్తారు. కళ్ల ముందు కనిపిస్తున్నా అసలు మనిషి చాలాసార్లు వాళ్లతో పాటే తప్పు చెప్పాడు. అదే గదిలో ఒక్కరు నిజం చెప్తే చాలు, ఆ లొంగడం బాగా తగ్గిపోయింది. కుటుంబ గ్రూపులో "ఇది ఎక్కడి నుంచి వచ్చింది తమ్ముడూ?" అని మీరు మెల్లగా అడిగితే అతను జవాబివ్వకపోవచ్చు. మాట్లాడకుండా చదువుతున్న మిగతావాళ్లకి అది ధైర్యం.

కులం పేరు చెప్పి ఓటు అడిగేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక్క వాక్యం. అభ్యర్థిదైనా ఓటరుదైనా మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం ఎన్నికల అక్రమమేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరిలో తీర్పు చెప్పింది.

ఏడురోడ్ల ఫ్లెక్సీ, శ్రీకాకుళం

మేస్టారు చెప్పింది నాకు చాలా నచ్చింది. ఒప్పించడమే తప్పయితే మా షాపు మూసుకోవాలి. రక్తదానం పోస్టర్లూ మేమే వేస్తాం, పల్స్ పోలియో బ్యానర్లూ మేమే వేస్తాం.

మన పొందూరు ఖద్దరు చూడండి. గాంధీగారు చేత్తో వడికిన బట్ట కట్టమన్నప్పుడు అదీ ప్రచారమే. కానీ ఆయన తనే వడికి, తనే కట్టి చూపించాడు. ఎవరైనా వెళ్లి పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం ఇప్పటికీ చూడొచ్చు. దాచింది ఏమీ లేదు. అదే ఖద్దరు ఎన్నికల ముందు కొని స్టేజి ఎక్కితే, ఆ నేతకారుల కష్టం మీద మనకున్న గౌరవాన్ని చొక్కాలా తొడుక్కున్నట్టే. బట్ట ఒకటే, అడగాల్సిన ప్రశ్నలు వేరు. మిల్లు బట్టని ఖద్దరని అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి కొనేటప్పుడు ఖాదీ మార్కు చూసుకోండి.

అమ్మగారి పొడి ప్రకటన మీద ఫిర్యాదు చెయ్యాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. ప్రకటన ఫొటో, బిల్లు, తేదీ దగ్గర పెట్టుకుని ఫోను చెయ్యండి. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా ఉంది. అందులో నటించిన ప్రముఖులకి కూడా వర్తిస్తుంది.

బాహుదా తీరం, ఇచ్ఛాపురం

ఆలస్యంగా చూశాను. మా వైపు కుర్రాళ్లకి మందుల పొడి కంటే ప్రమాదమైన ప్రకటన ఒకటుంది, విదేశాల్లో ఉద్యోగాలు. వెల్డింగు, ఫిట్టింగు నేర్చుకున్న పిల్లలకి నేరుగా ఫోనుకే వస్తుంది. పైన చెప్పిన పద్ధతులన్నీ ఒక్కచోటే ఉంటాయి అందులో. విమానం ముందు నవ్వుతున్న "మన ఊరి అబ్బాయి" వీడియో ఒకటి. "మీ బ్యాచ్‌లో అందరూ కట్టేశారు, నువ్వే మిగిలావు" అన్న ఫోను ఒకటి. "రెండే సీట్లు, సాయంత్రంలోగా పాస్‌పోర్టు ఇవ్వాలి" అన్న తొందర ఒకటి. జీతం ఎంతో పెద్దక్షరాల్లో ఉంటుంది. కంపెనీ పేరు, ఒప్పందం, ఏ వీసా అన్నవి ఉండవు. చివరికి విజిటింగ్ వీసా మీద పంపేస్తే అక్కడ పని చెయ్యడమే నేరం అవుతుంది.

విదేశాలకి పనివాళ్లని పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ప్రకటనలో వెయ్యాలి. ఆ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ సైట్లో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా, రద్దయినవాళ్ల వివరాలు ఉంటాయి. సర్వీసు ఛార్జీ ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. లక్షల్లో అడిగితే అక్కడే ఆగిపోండి. నంబరు ఉంటే సరిపోదు, సైట్లో ఉన్న ఆఫీసు చిరునామా, మీతో మాట్లాడుతున్నవాడి చిరునామా ఒకటేనా చూడండి. వేరేవాళ్ల నంబరు వేసుకుని తిరిగే సబ్ ఏజెంట్లు ఉంటారు. ఆ సైట్లో ఇచ్చిన ఫోను నంబరుకే మీరు చేసి, ఫలానా పేరుతో ఇచ్ఛాపురంలో మీ మనిషి ఉన్నాడా అని అడిగాకే పాస్‌పోర్టు చేతికివ్వండి.